తలమీద చెంబుడు వేడినీళ్ళు: శోష, మూర్ఛ, గాలి అనే మూడు మాటల చరిత్ర

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. బాత్రూమ్ ఉంది. నవ్వకండి, ఇదీ చరిత్రే. మన అమ్మమ్మలు, తాతలు ఏ జబ్బుని ఏ పేరుతో పిలిచారు, ఆ పేరు వల్ల ఎవరికి మందు దొరికింది, ఎవరికి వేపకొమ్మ దెబ్బలు దొరికాయి అన్న చరిత్ర.

స్నానం చేస్తుంటే ఒక్కసారిగా కళ్ళు బైర్లు కమ్మడం, చెవుల్లో హోరు, గుండె దడ, లేదా కారణం లేకుండా భయం. ఇలాంటిది మీకెప్పుడైనా జరిగిందా? చాలామందికి జరుగుతుంది. కానీ బయటకి చెప్పరు. స్నానం అనేది తలుపేసుకుని ఒంటరిగా చేసే పని. లోపల ఏమైందో చెప్పాలంటే కొందరికి సిగ్గు, కొందరికి భయం.

మా శ్రీకాకుళం, విజయనగరం వైపు పెద్దవాళ్ళ నోట దీనికి మూడు మాటలు వినిపిస్తాయి. శోష వచ్చింది. మూర్ఛ వచ్చింది. గాలి సోకింది. మూడూ ఒకటే అనిపిస్తాయి గానీ కాదు. వీటిలో ఏ మాట ముందు పలికారన్నదాన్ని బట్టి ఆ మనిషి ఎక్కడికి వెళ్ళాలో తేలిపోయేది. శోష అంటే మంచం మీదకి, మూర్ఛ అంటే ఆసుపత్రికి, గాలి అంటే భూతవైద్యుడి దగ్గరికి. ఈ మూడు దారులూ ఎలా విడిపోయాయో చూద్దాం.

చెంబు, కాగు, నూతిపళ్ళెం

ముందు ఆ రోజుల్లో స్నానం ఎలా ఉండేదో ఊహించుకోండి. షవర్ మనకి నిన్నగాక మొన్న వచ్చింది. అంతకుముందు దొడ్లో నుయ్యి, నూతిపళ్ళెం పక్కన గాబు, ఓ మూల రాళ్ళపొయ్యి మీద కాగులో నీళ్ళు. రోజూ ఒంటికి పోసుకునేవారు. తలంటు మాత్రం వారానికో, పండక్కో. నూనె పట్టించి, సున్నిపిండి నలుగు పెట్టి, కుంకుడురసంతో రుద్ది, ఆ పైన వేడివేడి నీళ్ళు చెంబుతో గబగబా నెత్తిన గుమ్మరించేవారు. భోగినాడు తెల్లవారుజామున పిల్లల్ని పీట మీద కూర్చోబెట్టి పోసే తలంటు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

ఆ చెంబు కూడా మన చరిత్రే. శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలంలో బుడితి అనే ఊరుంది. అక్కడి ఇత్తడి, కంచు సామాన్లకి భౌగోళిక గుర్తింపు ఉంది. ఇలాంటి చెంబుతో వేడినీళ్ళు ఒక్కసారిగా నడినెత్తిన పడితే ఏమవుతుంది? ఈ ప్రశ్న గుర్తుంచుకోండి. దీనికి జవాబు వెతకడంలోనే మన దక్షిణాది డాక్టర్లు ప్రపంచ వైద్యశాస్త్రానికి ఓ కొత్త అధ్యాయం రాశారు. అక్కడికి వస్తాను.

ఇంకో విషయం. ఆ స్నానం ఒంటరి స్నానం కాదు. పిల్లలకి అమ్మో, మామ్మో పోసేది. బాలింతకి ఇంటి పెద్దావిడో, మంత్రసానో పోసేది. ఎవరైనా తూలితే పట్టుకోడానికి పక్కన ఓ చెయ్యి ఉండేది. గడియ పెట్టుకునే బాత్రూమ్ వచ్చాక ఆ చెయ్యి పోయింది. స్నానంలో వచ్చే ఇబ్బంది పాతదే, ప్రమాదం మాత్రం పెరిగింది.

మొదటి మాట: శోష

శోష అంటే సొమ్మసిల్లడం. దీని వెనక లెక్క సులువు. వేడినీళ్ళు తగలగానే చర్మం కింద ఉన్న రక్తనాళాలు వెడల్పవుతాయి. ఒంట్లో వేడిని బయటకి పంపడానికి శరీరం చేసే ఏర్పాటు అది. రక్తం చర్మంలోకి, కాళ్ళలోకి ఎక్కువగా వెళ్తుంది, బీపీ తగ్గుతుంది. గుండె వేగంగా కొట్టుకుని సర్దడానికి చూస్తుంది. అప్పుడే మీరు పీట మీంచి ఠక్కున లేచి నిలబడ్డారనుకోండి, మెదడుకి కొన్ని సెకన్ల పాటు రక్తం చాలదు. కళ్ళముందు చీకటి, చెవుల్లో హోరు, చెమట, తర్వాత కింద పడిపోవడం.

పడగానే తల, గుండె ఒకే ఎత్తుకి వస్తాయి. మెదడుకి రక్తం మళ్ళీ అందుతుంది. అందుకే శోష వచ్చినవాళ్ళు నిమిషంలోపే కళ్ళు తెరుస్తారు, చుట్టూ ఉన్నవాళ్ళని గుర్తుపడతారు. వాళ్ళని లేపి నిలబెట్టడం, కుర్చీలో కూర్చోబెట్టడం మంచిది కాదు. పడుకోబెట్టి కాళ్ళు కొంచెం ఎత్తి పెట్టాలి. చిక్కల్లా పడేచోట ఉండే కుళాయితోనూ, టైల్స్ అంచుతోనూ.

పాతరోజుల్లో ఇది ఎక్కువగా ఎవరికి వచ్చేది? బాలింతలకి. కాన్పులో రక్తం పోయి ఉంటుంది. పైన పథ్యం పేరుతో తిండి తక్కువ, మంచినీళ్ళూ తక్కువే. ఆ ఒంటి మీద కాగే నీళ్ళు పోస్తే కళ్ళు తిరగకుండా ఎలా ఉంటాయి? కానీ బాలింత పడిపోతే వెంటనే వచ్చే మాట శోష కాదు, గాలి. తలగడ కింద ఇనుపముక్క, గుమ్మానికి వేపమండ. ఆవిడకి కావలసింది రక్తం పట్టే తిండి, గ్లాసుడు నీళ్ళు. దొరికింది రక్షరేకు.

ఇప్పుడు మా జిల్లాలో ఇంకో గుంపు ఉంది. ఉద్దానం. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. కొబ్బరి, జీడితోటల పచ్చని నేల. అక్కడి కిడ్నీ జబ్బు గురించి మీరందరూ వినే ఉంటారు. డయాలసిస్ అయిన రోజున ఒంట్లో నీరు తీసేసి ఉంటారు కాబట్టి చాలామందికి బీపీ కిందకి దిగి ఉంటుంది. కొందరు బీపీ మాత్రలు కూడా వాడుతుంటారు. ఆ రోజు మరీ వేడినీళ్ళ స్నానం అంటే పడిపోయే అవకాశాన్ని కొనితెచ్చుకున్నట్టే. ఎండలో రోజంతా పనిచేసి, నీళ్ళు సరిగా తాగకుండా వచ్చి నేరుగా వేడినీళ్ళ కింద నిలబడే కూలీకీ ఇదే లెక్క వర్తిస్తుంది. ఇంట్లో ఇలాంటివాళ్ళుంటే గోరువెచ్చని నీళ్ళు, కూర్చోడానికి ఓ ప్లాస్టిక్ స్టూలు, గడియ పెట్టని తలుపు. ఖర్చు దాదాపు సున్నా.

ఇది పేద ఊళ్ళ సమస్య అనుకోకండి. జపాన్‌లో స్నానానికి సంబంధించిన మరణాలు ఏటా సుమారు 19 వేలు ఉంటాయని అక్కడి ప్రభుత్వ పరిశోధన బృందం అంచనా వేసింది. ఎక్కువమంది వృద్ధులు, ఎక్కువగా చలికాలంలో. చల్లటి గదిలో బట్టలు విప్పి, మెడదాకా వేడినీళ్ళ తొట్టెలో దిగడం, మళ్ళీ చలిలోకి రావడం. బీపీ పైకీ కిందకీ ఊగిపోతుంది.

చన్నీళ్ళ సంగతి

వేడికి ఇలా ఉంటే చన్నీళ్ళు మంచివా అంటే, వాటికీ ఓ తంతు ఉంది. శ్రీకాకుళం పక్కనే అరసవల్లి. రథసప్తమి నాడు సూర్యనారాయణస్వామి దర్శనానికి జనం పోటెత్తుతారు. మాఘమాసం చలిలో తెల్లవారకముందే నెత్తిన, భుజాల మీద జిల్లేడాకులు, రేగిపండ్లు పెట్టుకుని తలస్నానం. మొదటి చెంబు పడగానే "హుఁ" అని ఊపిరి ఎగబీలుస్తాం కదా, అది మన చేతిలో లేని పని. చల్లదనం చర్మానికి తగలగానే ఊపిరి, గుండెవేగం, బీపీ మూడూ ఒక్కసారి పైకి లేస్తాయి. ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళకి నిమిషం, రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది. గుండెజబ్బు ఉన్నవాళ్ళకి ఆ నిమిషమే బరువు.

నదిలో దిగేముందు కాసిని నీళ్ళు నెత్తిన చల్లుకునే అలవాటు మన పెద్దవాళ్ళకి ఉంది. ఉద్దేశం భక్తే కావచ్చు. కానీ నెమ్మదిగా మొదలెట్టడం శరీరానికి ముందుగా కబురు పంపినట్టు. కాళ్ళు, చేతులు, ఒళ్ళు, చివర తల. చన్నీళ్ళకైనా వేడినీళ్ళకైనా ఈ వరసే మేలు.

రెండో మాట: మూర్ఛ

ఇప్పుడు అసలు కథ. తెలుగులో ఓ తికమక ఉంది. "మూర్ఛపోయింది" అంటే స్పృహ తప్పింది అని. "మూర్ఛరోగం" అంటే ఫిట్స్. ఒకే మాట, రెండు జబ్బులు. నిజానికి చరక సంహిత వీటిని విడదీసింది. స్పృహ తప్పడాన్ని మూర్ఛ అంది, ఫిట్స్‌ని అపస్మారం అంది. మన వాడుకలోకి వచ్చేసరికి రెండూ కలిసిపోయాయి. శోషకి కారణం మెదడుకి రక్తం చాలకపోవడం. ఫిట్స్‌కి కారణం మెదడులో విద్యుత్ సంకేతాలు అదుపు తప్పడం. దారులు వేరు, మందులు వేరు.

ఇంతకీ స్నానమే ఫిట్స్‌ తెప్పిస్తుందా? కొందరిలో తెప్పిస్తుంది. 1945లో న్యూజిలాండ్‌లో అలెన్ అనే డాక్టరు, వేడినీళ్ళు తగిలినప్పుడు ఫిట్స్ వచ్చే ఓ పిల్లవాడి గురించి రాశారు. అప్పటికి అదో వింత కేసు. తర్వాత అక్కడొకటి, ఇక్కడొకటి వచ్చాయి. ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు.

బెంగళూరులో మాత్రం సీను వేరు. అక్కడ డాక్టర్ కె.ఎస్. మణి అనే న్యూరాలజిస్టు దగ్గరికి ఒకరి తర్వాత ఒకరు వస్తున్నారు. అందరిదీ ఒకటే మాట: తలస్నానం చేస్తుంటే వస్తోంది. 1968లో ఆయన బృందం దీనిపై తొలి నివేదిక ప్రచురించింది. 1972లో 60 మంది వివరాలు. 1988లో నిమ్హాన్స్‌కి చెందిన డాక్టర్ పి. సతీశ్‌చంద్ర బృందం ఏకంగా 279 మందిని పరిశీలించి రాసింది. మైసూరు ప్రాంతంలోని యళందూరు తాలూకాలో ఇంటింటి సర్వే చేస్తే లక్షకి 255 మందిలో ఇది కనిపించింది. న్యూజిలాండ్‌లో వింత కేసు, దక్షిణ భారతంలో ఊరూరి జబ్బు. దీని పేరు హాట్ వాటర్ ఎపిలెప్సీ, వేడినీళ్ళ మూర్ఛ.

ఆ డాక్టర్ల గొప్పతనం ఎక్కడుందంటే, వాళ్ళు మెదడు పరీక్షలతో ఆగలేదు. "మీరు స్నానం ఎలా చేస్తారు?" అని అడిగారు. ఎన్ని రోజులకోసారి తలస్నానం? నీళ్ళు ఎంత వేడి? ఎలా పోసుకుంటారు? జవాబుల్లో బొమ్మ తేలింది. కొన్ని రోజులకోసారి తలస్నానం. నీళ్ళు 40 నుంచి 50 డిగ్రీల వేడి. చెంబుతోనో మగ్గుతోనో గబగబా నేరుగా తలమీద. ఒంటికి పోసుకున్నప్పుడు ఏమీ లేదు, తలమీద పడ్డప్పుడే వస్తుంది. అంటే మనం పండగనాడు చేసే తలంటే!

అలాగని తలంటు చేసుకున్న అందరికీ రాదు. కోట్లమంది హాయిగా పోసుకుంటున్నారు. కొందరి మెదడుకి వేడిని సర్దుకునే గుణం పుట్టుకతోనే తక్కువని పరిశోధకుల అభిప్రాయం. కొన్ని కుటుంబాల్లో ఒకరికి మించి కనిపిస్తుంది. 2009లో బెంగళూరు శాస్త్రవేత్తలు అలాంటి కుటుంబాలని పరిశీలించి, 4వ, 10వ క్రోమోజోముల్లోని కొన్ని భాగాలకీ దీనికీ సంబంధం ఉందని చూపించారు. ఎక్కువగా పిల్లల్లో మొదలవుతుంది, అందులోనూ మగపిల్లల్లో ఎక్కువ. కొందరికి కొన్నేళ్ళ తర్వాత స్నానంతో సంబంధం లేకుండా కూడా ఫిట్స్ రావచ్చు. అందుకే "స్నానంలోనే కదా" అని వదిలెయ్యకూడదు.

మూడో మాట: గాలి

ఫిట్స్ అంటే మనకి తెలిసిన దృశ్యం ఒకటే: కింద పడి కొట్టుకోవడం, నోట్లో నురగ. వేడినీళ్ళ మూర్ఛ చాలామందిలో అలా ఉండదు. పుస్తకాల్లో రాసిన లక్షణాలు చెబుతాను, జాగ్రత్తగా వినండి. శూన్యంలోకి చూస్తున్నట్టు చూపు. ఉన్నట్టుండి భయం. సంబంధం లేని మాటలు. లేనివి కనిపించడం, వినిపించడం. చేతులతో అర్థంలేని కదలికలు. ఇదంతా కొన్ని సెకన్ల నుంచి రెండు మూడు నిమిషాలు. కొందరైతే ఆ స్థితిలో ఆపకుండా ఇంకా ఇంకా నీళ్ళు పోసుకుంటూనే ఉంటారు.

ఇప్పుడు ఈ దృశ్యాన్ని ఓ యాభై ఏళ్ళ కిందట మా వైపు ఊళ్ళో పెట్టి చూడండి. పొద్దున్నే జుట్టు విరబోసుకుని తలంటు పోసుకుంటున్న ఆడపిల్ల. హఠాత్తుగా బిగుసుకుపోయింది. ఎటో చూస్తూ ఏదో గొణుగుతోంది. భయంతో వణుకుతోంది. చూసినవాళ్ళు ఏమంటారు? "ఓలమ్మో, గుంటకి ఏటో సోకినాదే!" ఇంకేమంటారు?

వాళ్ళని తక్కువ చెయ్యడానికి ఈ మాట అనట్లేదు. చేతికందే దూరంలో డాక్టరు లేనప్పుడు, కళ్ళముందు జరిగినదానికి ఏదో పేరు పెట్టాలి కదా. ఉత్తరాంధ్రకి పెద్దాసుపత్రి అంటే విశాఖ కేజీహెచ్, ఆ మెడికల్ కాలేజీ మొదలైంది 1923లో. శ్రీకాకుళంలో రిమ్స్ వచ్చింది 2008లో. విజయనగరంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది 2023లో. భూతవైద్యుడు మాత్రం ఎప్పుడూ పక్క ఊళ్ళోనే ఉన్నాడు.

కానీ ఆ పేరు ఖరీదు చాలా ఎక్కువ. గాలి అన్నాక, పంపింది ఎవరు అన్న ప్రశ్న వస్తుంది. మా ప్రాంతంలో ఆ ప్రశ్నకి ఓ భయంకరమైన జవాబు ఉంది: చిల్లంగి. ఒంటరి ముసలావిడ మీదో, గిట్టని పొరుగువాడి మీదో నింద పడుతుంది. దెబ్బలు, వెలివేత, హత్యలదాకా వెళ్ళిన సంగతులు పేపర్లలో మీరూ చూసి ఉంటారు. జబ్బు ఒకరిది, శిక్ష ఇంకొకరికి.

పోనీ, మూర్ఛ అని సరైన పేరే పెట్టారనుకుందాం. అప్పుడైనా న్యాయం జరిగిందా? అక్కడా చరిత్ర మెలిక పెట్టింది. 1976లో హిందూ వివాహ చట్టాన్ని సవరించినప్పుడు, పదేపదే వచ్చే మతిభ్రమణంతో పాటు మూర్ఛరోగాన్ని కూడా పెళ్ళికి అనర్హతగా చేర్చారు. అంటే ఫిట్స్ ఉందని తేలితే ఆ పెళ్ళిని కోర్టులో రద్దు చేయించుకోవచ్చు. మందుతో అదుపులో ఉండే జబ్బుకి ఇది! ఆ మాటని చట్టంలోంచి తీసేసింది 1999లో. ఇరవై మూడేళ్ళు పట్టింది. ఈలోగా ఎన్ని ఇళ్ళలో "ఫిట్స్ అనకండి, గాలి అనండి, పెళ్ళి కావాలి" అనుకుని ఉంటారో ఆలోచించండి. గాలి అయితే వదిలించామని చెప్పుకోవచ్చు. మూర్ఛ అంటే కాగితం మీద పడుతుంది. అలా కొన్నిసార్లు తెలిసి కూడా తప్పుడు పేరే సుఖమైంది.

మాటలకి అందని నాలుగోది

పై మూడు మాటల్లోనూ ఇమడనిది ఇంకోటి ఉంది. మా జిల్లాల నుంచి పనికోసం హైదరాబాద్, బెంగళూరు, చెన్నై వెళ్ళి చిన్న చిన్న అద్దెగదుల్లో ఉండే కుర్రాళ్ళు ఇది తప్పకుండా వినాలి. గ్యాస్ గీజర్.

గీజర్ అనే పేరు ఐస్‌లాండ్‌లోని వేడినీటి బుగ్గది. 1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాన్ అనే ఆయన గ్యాస్‌తో నీళ్ళు కాచే యంత్రం చేసి దానికి ఆ పేరు పెట్టాడు. కాలిన గ్యాస్ బయటకి పోయే గొట్టం మొదట్లో దానికి లేదు. గాలి ఆడని గదిలో గ్యాస్ సరిగా కాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా అతుక్కుంటుంది. స్కాటిష్ శాస్త్రవేత్త హాల్డేన్ ఈ విషవాయువుని తానే పీల్చి, ఒంటికి ఏమవుతుందో 1895లో రాసిపెట్టాడు. తలనొప్పి, వికారం, తల తిరగడం, కాళ్ళలో సత్తువ పోవడం, చివరికి స్పృహ తప్పడం. బయటివాళ్ళకి ఇది అచ్చం శోషలాగో, ఫిట్స్‌లాగో కనిపిస్తుంది. కాళ్ళు ముందు పోతాయి కాబట్టి తలుపు దాకా కూడా రాలేరు.

గీజర్ బాత్రూమ్ బయట ఉండాలి, గాలి ఆడే చోట. లోపలే ఉంటే బకెట్ నింపుకుని, మంట ఆపేసి, గది గాలి పట్టాక స్నానం చెయ్యండి. లోపల ఎవరైనా పడిపోతే ముందు తలుపు, కిటికీలు తెరిచి వాళ్ళని బయటి గాలిలోకి లాగండి. తర్వాత 108.

మీరేం గుర్తుపెట్టుకోవాలి

స్నానంలో తేడాగా అనిపిస్తే మూడు విషయాలు గమనించండి. నీళ్ళు ఎంత వేడి? తేడా వచ్చింది నీళ్ళు తలమీద పడ్డప్పుడా, లేచి నిలబడ్డప్పుడా, గీజర్ వెలిగి కాసేపయ్యాకా? స్పృహ వచ్చాక వెంటనే తేరుకున్నారా, లేక కొంతసేపు మనిషి అయోమయంగా ఉన్నారా? ఈ మూడూ డాక్టరుకి చెబితే సగం పని అయిపోయినట్టే. ఇంట్లో ఎవరికైనా జరుగుతుంటే ఫోన్‌లో ఓ వీడియో తీసి డాక్టరుకి మాత్రమే చూపించండి. వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు.

ఫిట్స్ అయితే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా, చేతిలో తాళాలు పెట్టొద్దు. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే 108. వేడినీళ్ళ మూర్ఛ అని డాక్టరు తేలిస్తే భయపడక్కర్లేదు. నీళ్ళ వేడి తగ్గించడంతోనే చాలామందికి ఆగిపోతుంది. అవసరమైతే తలస్నానానికి ముందు వేసుకునే మందులున్నాయి. కొందరికి రోజూ మందు కావాలి. అది డాక్టరు చెప్పాలి, యూట్యూబ్ కాదు. నేనూ కాదు.

ఈ చరిత్ర నుంచి నేను తెలుసుకున్నది ఒకటే. వేలమందికి మేలు చేసిన ప్రశ్న చాలా చిన్నది: మీరు స్నానం ఎలా చేస్తారు? దాన్ని సిగ్గుపడకుండా అడగడానికి ఓ డాక్టరు, సిగ్గుపడకుండా చెప్పడానికి ఓ కుటుంబం కావలసి వచ్చింది. మీ ఇంట్లో చెల్లో, అమ్మో, మామ్మో "స్నానంలో ఏదోలా అయిందిరా" అంటే, గాలి అనేసి ఊరుకోకండి. పక్కన కూర్చుని ఆ మాట అడగండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.